ఆ ఒక్క ప్రశ్న కూడా అడగమనండి

తమిళనాడు ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది చెన్నైలోని వ్యాసర్‌పాడి. నేను టీనగర్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూస్తాను. తమిళం మాట్లాడతాను గానీ రాయడం తెలుగులోనే వచ్చు. మీ ఆఫీసులో ఎవరైనా చదివి చెబుతారని ఆశ.

2021 ఆగస్టులో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజల ఇంటికే వైద్యం) పథకం మా వీధికీ వస్తోంది. ఆ పథకంలో పనిచేసే అమ్మాయి గుమ్మంలో కూర్చుని బీపీ, షుగర్ చూసి, రాసుకుని, మాత్రలిచ్చి వెళ్తుంది. మంచం పట్టినవాళ్లకి ఫిజియోథెరపీ కూడా ఇంటి దగ్గరే చేస్తారు. మంచి పథకం, అందులో రెండో మాట లేదు. కానీ ‘నొప్పేమైనా ఉందా, ఎన్నాళ్ల నుంచి?’ అని మా ఇంట్లో మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మంచాన పడితే కనిపిస్తాం. నడుం పట్టుకుని అయినా వంట చేసి, నీళ్లు పట్టి, బస్సెక్కితే మా నొప్పి ఎవరి కంటా పడదు.

మా వదిన రోడ్లు ఊడుస్తుంది. రాత్రయితే భుజం నుంచి మోచేతి దాకా ఒకటే సలుపు. తెల్లారేసరికి వేళ్లు బిగుసుకుపోయి చీపురు పట్టుకోలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, రక్తం చూశారు. ‘అన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ పెట్టుకోకు’ అన్నారు. ఓపీ చీటీ మీద ‘ఒళ్లు నొప్పులు’ అని రాసి, ఐదు రోజులకి మాత్రలిచ్చారు. మళ్లీ వెళ్తే కొత్త చీటీ, కొత్త డాక్టరు, మళ్లీ ఐదు రోజుల మాత్రలు. మధ్యలో నొప్పి ఆగదు కదా! మందుల షాపులో విడిగా కొన్న నొప్పి బిళ్లలతోనే నెట్టుకొస్తోంది. డాక్టరుకి చూపించుకోకుండా ఏళ్ల తరబడి ఆ బిళ్లలు మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలూ దెబ్బతినొచ్చు. ఆ సంగతి షాపువాడు చెప్పడు.

రిపోర్టు బాగుంటే నొప్పి లేనట్టు కాదండీ. మూడు నెలలు దాటిన నొప్పి ఒక్కోసారి దానంతట అదే జబ్బు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలోనే ఉంది. గాయం మానినా నరాలు, మెదడు అతిగా స్పందిస్తూనే ఉండొచ్చు. అది స్కానింగులో కనబడదు. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా, మైగ్రేన్, కీళ్లవాతం మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగి నొప్పి పెట్టే ఎండోమెట్రియోసిస్ అయితే ప్రపంచంలో పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఉందని అదే సంస్థ లెక్క. నెలనెలా మెలికలు తిరిగిపోయే పిల్లకి మన ఇళ్లలో దొరికే వైద్యం ‘పెళ్లయితే అదే పోతుంది’ అన్న మాటే. అత్తారింట్లో మళ్లీ అదే నొప్పి వస్తే, పని తప్పించుకోవడానికి సాకంటారు.

షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇస్తూ 2021లోనే మన రాష్ట్రం చట్టం తెచ్చింది. మా షాపులోకీ స్టూళ్లు వచ్చాయి. వాటి మీద ఇప్పుడు చీరల కట్టలు కూర్చుంటున్నాయి. సాయంత్రానికి అమ్మాయిల పాదాలు వాచి చెప్పుల పట్టీలు ఒరుసుకుంటాయి. అది కార్మిక శాఖ చూడాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ఆ కాళ్లు చివరికి వచ్చేది మీ ఆసుపత్రికే.

కొత్త భవనాలు అడగడం లేదు. ఇంటికొచ్చే ఆ అమ్మాయి రిజిస్టర్‌లో ‘మూడు నెలలకు మించి నొప్పి ఉందా?’ అని ఒక గడి పెట్టించండి. ఉందన్నవాళ్లని వారంలో ఒక నిర్ణీత రోజున దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి పంపి, ప్రతిసారీ ఒకే డాక్టరు, ఒకే చీటీ చూసేలా ఏర్పాటు చేయండి. ఫిజియోథెరపీ నడవగలిగేవాళ్లకీ అందాలి. కొన్ని దేశాల్లో సెప్టెంబరును నొప్పిపై అవగాహన నెలగా జరుపుతారు. ఆ నెలలో పెరంబూరు, వ్యాసర్‌పాడి రేషన్ షాపుల దగ్గర తమిళంలోనూ తెలుగులోనూ పోస్టర్లు వేయించండి. తెలుగు పోస్టర్‌లో తప్పులు దొర్లకుండా చూసే పని కావాలంటే నేనే చేసిపెడతాను, ఆదివారం నాకు సెలవే.

ఇట్లు,
వ్యాసర్‌పాడి నుంచి ఒక బిల్లింగ్ క్లర్కు