కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: వేపచెట్టు మూల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసినవాటిలో వివరంగా చెప్పుకోవాల్సిన పని ఒక్కటే: వాటర్ ట్యాంకు పక్కన వేపచెట్టు మూలను బాగుచేయడం. వీధిదీపాలు, కాలువ పూడికతీత కోసం ఇచ్చిన అర్జీల నకళ్లు ఫైల్లో ఉన్నాయి, కావలసినవారు చూసుకోవచ్చు.

ఆ మూల నిన్నమొన్నటిదాకా చెత్తకుప్ప. దాన్ని ఏం చేయాలన్న మొదటి సమావేశమే గొడవగా సాగింది. గ్రిల్ పెట్టి గేటుకు తాళం వేయాలని పెద్దలు, షటిల్ కోర్టు కావాలని కుర్రాళ్లు. కోర్టుకు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు కావాలి. టేపు పెట్టి కొలిస్తే సరిపోలేదు, ఆ పేచీ అక్కడితో తెగింది. తాళం మాత్రం వద్దనుకున్నాం. తాళంచెవి ఎవరి దగ్గరుంటే చోటు వాళ్లదైపోతుంది.

చెట్టు చుట్టూ చప్టా కట్టించి, సిమెంటు బల్లలను ఎల్ ఆకారంలో వేశాం. రోడ్డుకేసి వరసగా వేస్తే బస్టాపులోలాగా ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు తప్ప మాట కలవదు. రెండు బల్లలకు చేతులు పెట్టించాం, కూర్చునే చోటు ఎత్తు 18 అంగుళాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆనిక లేనిదే లేవడం కష్టం. దండగ ఖర్చు అన్నవారే ఇప్పుడు ఆ బల్లల కోసం ముందుగా వస్తున్నారు! న్యూయార్క్ కూడళ్లలో జనం ఎక్కడ కూర్చుంటారో కెమెరాలు పెట్టి గమనించిన విలియం వైట్ 1980లో పుస్తకం రాశారు. జరుపుకునే కుర్చీ దొరికితే మనుషులు కాస్తయినా జరుపుకునే కూర్చుంటారట. అందుకే కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేశాం. ఒకటి మాయమైంది.

చప్టా మీద పులిజూదం పటం ఉంది. 3 పులులు, 15 మేకలు. గీతలు గుర్తున్నది తాతయ్యలకు, రంగు వేసింది పిల్లలు. ఇప్పుడు పులులు ఎవరివన్న దానిమీదే రోజూ తగువు. నవంబరులో రైల్వే పింఛనుదారులకు, బతికే ఉన్నామని చూపే జీవన ప్రమాణ పత్రం టెన్షన్ ఉంటుంది కదా, ఈసారి కాలేజీ కుర్రాళ్లు చెట్టుకిందే ఫోన్లో ముఖం చూపించి చాలామందికి పని పూర్తిచేశారు. దీనికి సంఘం పిలుపేమీ ఇవ్వలేదు. రోజూ పక్కన కూర్చునేవాళ్లను అడగడానికి మొహమాటం ఉండదు.

విజయదశమి తర్వాతి మంగళవారం మన ఊరి పైడితల్లమ్మ సిరిమాను జాతర. ముందురోజు తొలేళ్ల నుంచే ఇళ్లు చుట్టాలతో నిండిపోతే మగవాళ్లంతా చెట్టు కిందికి చేరారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం, దానితో ముడిపడ్డ అమ్మవారి కథ ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పారు. హైదరాబాదు మనవలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారని రాయలేను, రికార్డు చేసుకున్నారు.

ఒక లోటు ఉంది. సాయంత్రం నాలుగింటికి పిన్నులు, మామ్మలు వస్తారు. చీకటి పడితే అది మగవాళ్ల అడ్డా. ఆడపిల్లలు అటు రావడం లేదు. ఉన్న ఒక్క దీపమూ కొమ్మల పైన ఉంది, వెలుగంతా ఆకుల మీదే. కొమ్మల కింద రెండు దీపాలు పెట్టించాలని కార్యవర్గం ప్రతిపాదన. రాత్రి తొమ్మిది తర్వాత ఆర్పేయాలని ఎదురింటివారు అడుగుతున్నారు, అది న్యాయమే. రెండూ సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తాయి.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టాం. చందా బాకీ ఉన్నవారు సమావేశానికి ముందే కోశాధికారికి చెల్లించగలరు.

ఇట్లు,
కార్యదర్శి, విజయనగరం