మేక పాలలో ఆ వాసన ఎవరిది? (మన మేకల పెంపకందార్ల సంఘం వార్షిక నివేదిక)

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంఘం ఏం చేసిందో రాసే పని ఈసారి కూడా నా మెడకే చుట్టారు. జమాఖర్చుల పుస్తకం సర్వసభ్య సమావేశంలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా తిరగేసుకోవచ్చు. చందా ఇంకా కట్టనివాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, ఎవరో వాళ్ళకే తెలుసు. టీకాలు, నట్టల మందు ఎప్పటిలాగే వానలకు ముందే వేయించాం, దాని గురించి చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. ఇక మిగతా ఏడాదంతా మనం ఒక్క విషయం చుట్టూనే తిరిగాం కాబట్టి నివేదిక కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. పాల వాసన.

మొదలైంది వేసవిలో. అనంతపురం టౌన్‌లో మన దగ్గర పాలు పోయించుకునే ఒకావిడ క్యాను వెనక్కి పంపేసింది. "పాలు చిక్కగానే ఉన్నాయి నాయనా, కానీ కాఫీ కలుపుకుంటే మేకల దొడ్లో కూర్చుని తాగుతున్నట్టుంది" అని కబురు. ఆ మాట విని మనలో చాలామందికి కోపమొచ్చింది. మేక పాలు మేక వాసన రాకుండా మల్లెపూల వాసన వస్తాయా అని ఒక పెద్దాయన గట్టిగానే అన్నాడు. నేనూ ఔననే తలూపాను.

జూన్ మీటింగులో ఒక పని చేశాం. ఎనిమిది ఇళ్ళ నుంచి ముందురోజు పాలు తెప్పించి, కొట్లో కొన్న ఆవు పాల ప్యాకెట్ ఒకటి కలిపి, అన్నీ అక్కడే విడివిడిగా కాచి చల్లార్చి, ఒకే రకం స్టీలు గ్లాసుల్లో పోసి అడుగున చీటీలు అంటించాం. ఎవరి పాలు ఏవో పోసిన ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ వరసగా రుచి చూశారు. మూడు గ్లాసుల్లో ఉన్నవి మేక పాలే అని ఒక్కరూ పట్టుకోలేకపోయారు. ప్యాకెట్ పాలను మాత్రం ఇద్దరు ముగ్గురు "ఇది ఖచ్చితంగా మేకే" అన్నారు, అది వేరే కథ. ఒక గ్లాసు దగ్గర మాత్రం అందరూ ముక్కు మూసుకున్నారు. చీటీ తిప్పితే నా పేరుంది.

నవ్వుకోండి, అప్పుడూ నవ్వారు. కానీ అసలు సంగతి ఏంటంటే మా మేక, వాసనే లేని పాలిచ్చిన పక్కింటి అక్క మేక ఒకే తల్లి పిల్లలు. ఒకే బీడులో మేస్తాయి, ఒకే బోరు నీళ్ళు తాగుతాయి. మరి వాసన మేకలో ఉంటే రెండింట్లోనూ ఉండాలి కదా. అంటే పొదుగు దాటిన తర్వాత మా ఇంట్లో ఏదో జరుగుతోంది.

అది అర్థం కావాలంటే కొంచెం లోపలికి వెళ్ళాలి. మేక పాల కొవ్వులో కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని మూడు ఆమ్లాలు ఆవు పాలలో కంటే ఎక్కువ (లాటిన్‌లో కాప్రా అంటే మేకే, ఆ పేర్లు అక్కడి నుంచే వచ్చాయి). అవి కొవ్వులో కట్టుబడి ఉన్నంతసేపూ ముక్కుకు ఏమీ తెలియదు. ఐతే పాలలోనే లైపేజ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. కొవ్వు బొట్టు చుట్టూ ఉండే పల్చటి పొర చిరిగిందంటే అది లోపల చేరి ఆ ఆమ్లాలను విడగొడుతుంది, అప్పుడు మొదలవుతుంది మనం మేక వాసన అనుకునేది. పొర ఎప్పుడు చిరుగుతుంది? పాలు కుదిపినప్పుడు, నురగ బాగా లేచినప్పుడు, చల్లారిన పాలు మళ్ళీ వెచ్చబడి మళ్ళీ చల్లారినప్పుడు.

ఈ మూడోది విన్నప్పుడే నా తప్పు నాకు దొరికింది. పొద్దున పిండిన పాలు ఫ్రిజ్‌లో ఉంటే, సాయంత్రం పిండినవి గోరువెచ్చగా తెచ్చి అదే గిన్నెలో పోసేవాణ్ణి. రెండు గిన్నెలెందుకు, కడిగే పని ఎందుకు అని. చల్లటి పాలు వెచ్చబడేవి, వెచ్చటివి సగం చల్లారేవి, లైపేజ్‌కి పండగ. రెండు గిన్నెలు వాడడం మొదలుపెట్టిన వారానికే తేడా తెలిసింది. మా ఆవిడ ఈ మాట పదేళ్ళుగా చెబుతోందట, నాకు గుర్తు లేదు. సాయంత్రం పాలు కూడా పూర్తిగా చల్లబడ్డాకే, అదీ తప్పనిసరైతేనే, పొద్దున పాలతో కలపాలి.

తర్వాత చల్లార్చడం. మన ఎండల్లో ఇదే పెద్ద తలనొప్పి కాబట్టి దీని మీదే ఎక్కువ కాలం గడిపాం. పొదుగు నుంచి వచ్చేటప్పుడు పాలు దాదాపు 39 డిగ్రీలు ఉంటాయి. ఆ వెచ్చదనంలో క్రిములు అరగంటకోసారి రెట్టింపైపోగలవు. గంటా రెండు గంటల్లో 4 డిగ్రీలకు దించితే పాలు నిలుస్తాయి, రుచీ నిలుస్తుంది. అందరం ఫ్రిజ్‌లో పెట్టేశాం కదా, ఇంకేం టెన్షన్ అనుకుంటాం. సంఘం డబ్బుతో కొన్న థర్మామీటరుతో కొలిస్తే, ఫ్రిజ్‌లో పెట్టిన రెండు లీటర్ల క్యాను రెండు గంటలైనా సరిగ్గా చల్లబడలేదు. గాలి వేడిని చాలా నెమ్మదిగా లాగుతుంది, నీళ్ళు ఎన్నో రెట్లు త్వరగా లాగుతాయి. అందుకని ఇప్పుడు చాలా ఇళ్ళలో చేస్తున్నది ఇది: వాడేసిన కూల్‌డ్రింక్ సీసాల్లో నీళ్ళు పోసి ముందురోజే గడ్డ కట్టించి పెట్టుకుని, పిండే ముందు బకెట్ నీళ్ళలో వాటిని వేసి, పాల క్యానును మెడ దాకా ఆ నీళ్ళలో ముంచి, మధ్యమధ్య గరిటెతో మెల్లగా తిప్పడం, అంతే. చిలకకూడదు. అరగంటలో బాగా చల్లబడతాయి, ఆ తర్వాత ఫ్రిజ్‌లోకి. ఐస్ కొనక్కర్లేదు, సీసాలు మళ్ళీ మళ్ళీ పనికొస్తాయి.

ఫ్రిజ్ లేని ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. వాళ్ళకి చెప్పేది ఒక్కటే, పిండగానే కాచెయ్యండి. వేడికి లైపేజ్ చచ్చిపోతుంది, క్రిములూ పోతాయి. నిజానికి పచ్చి పాలు ఎంత చల్లగా పెట్టినా లైపేజ్ మెల్లగా తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, మూడు నాలుగు రోజులకు వాసన పట్టేది అందుకే. కాచినవి అలా కావు. కాచిన వాసన గిట్టనివాళ్ళ కోసం పెద్ద గిన్నెలో నీళ్ళు, దానిలో పాల గిన్నె పెట్టి 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి వెంటనే చల్లార్చే పద్ధతి ఇద్దరు సభ్యులు నేర్చుకున్నారు. ఓపిక కావాలి, థర్మామీటరు దగ్గరే కాపలా కూర్చోవాలి. నాకైతే అంత ఓపిక లేదు.

మే నెలలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు లేని రోజులు గుర్తున్నాయి కదా. ఆ రోజుల్లో విరిగిన పాలతో పన్నీరు చేద్దామని చూసి, అదీ కుదరక పారబోశాం. అప్పటి నుంచి డీప్ ఫ్రీజర్ ఉన్న ఒక సభ్యుడి ఇంట్లో మిగులు పాలు గడ్డ కట్టించి దాస్తున్నాం. కాచి చల్లార్చాకే పెట్టాలి, చిన్న చిన్న ప్యాకెట్లుగా పెట్టాలి, గడ్డ కడితే ఉబ్బుతాయి కాబట్టి అంచుదాకా నింపకూడదు. కరిగించేది ఫ్రిజ్‌లో, ఎండలో పెట్టి కాదు. ఒకసారి కరిగాక మళ్ళీ గడ్డ కట్టిస్తే పలుకులు పలుకులుగా అయిపోతాయి, అది ఎలా తెలుసని అడక్కండి.

పోతు సంగతి. మేక వాసన అనగానే అందరూ పోతునే తిడతారు. ఎదకాలంలో అది తన గడ్డం మీదే ఉచ్చ పోసుకుంటుంది, కొమ్ముల మొదట్లో ఉండే గ్రంథుల నుంచి కూడా వాసన వస్తుంది, దాన్ని తాకిన చేత్తో పొదుగు పట్టుకుంటే అంతే సంగతులు. కాబట్టి పిండే చోటికి దూరంగా, గాలికి కింది వైపు కట్టమన్నాం. చాలా ఇళ్ళలో కొంత తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు, పోతు లేని ఇళ్ళలోనూ వాసన ఉంది కాబట్టి తప్పంతా దాని నెత్తిన వేయడం న్యాయం కాదు.

మేతలో మనకు దొరికిన దొంగ వయ్యారిభామ అనే కలుపు మొక్క. వానలు పడ్డాక బీళ్ళన్నీ అదే. మామూలుగా మేకలు దాని జోలికి పోవు, వేరే మేత లేనప్పుడు కొరుకుతాయి, పాలు చేదెక్కుతాయి. దాన్ని పీకే పని శ్రమదానంగా పెట్టుకున్నాం, వచ్చినవాళ్ళు కొద్దిమందే (రానివాళ్ళ పేర్లు కూడా రాయను). ఒట్టి చేతులతో పీకకండి, దద్దుర్లు వస్తాయి. వేప మండలు, ఉల్లి ఆకులు లాంటి ఘాటైనవి పెట్టాలంటే పిండాక పెట్టండి, తర్వాతి పూటకి ఆ ఘాటు దిగిపోతుంది. శనక్కాయ కట్టె, అవిశ, దశరథ గడ్డి, తుమ్మకాయలు, వీటితో ఎవరికీ ఇబ్బంది రాలేదు. సుబాబుల్ మంచిదే గానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది.

పిండడం, గిన్నెలు కడగడం అందరికీ తెలిసిన పనులే అనుకుంటాం గానీ ఇంటింటికీ తిరిగి చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. పొదుగు మీద వెంట్రుకలు కత్తిరించుకోండి, పెంటికలు అంటుకునేది వాటికే. కడిగాక పొడిగుడ్డతో తుడవాలి, నీళ్ళు కారుతుంటే పిండితే ఆ మురికి నీళ్ళే చెంబులోకి. మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలో నల్లగుడ్డ మీద పిండి చూడండి, తెల్లటి పలుకులు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. పాలు కొంచెం ఉప్పగా అనిపించినా అనుమానించాలి. మన సభ్యురాలు ఒకామె ఇలాగే ఉప్పదనం పసిగట్టి తొందరగా డాక్టర్‌కి చూపించింది, చన్ను దక్కింది. యాంటీబయాటిక్ వేస్తే మందు చీటీ మీద రాసిన గడువు దాటేదాకా ఆ పాలు అమ్మకూడదు, ఇంట్లో వాడకూడదు, తోడు పెట్టినా సరిగ్గా తోడుకోవు. ఈ విషయంలో ఒకరిద్దరు చూసీచూడనట్టు పోయారని కమిటీకి తెలుసు. ఇంకోసారి జరిగితే పాల సేకరణ నుంచి తీసేస్తాం.

గిన్నెలకు స్టీలే మంచిది. కళాయి పోయిన ఇత్తడి, రాగి తగిలితే పాలకు తడి అట్టపెట్టె వాసన వస్తుంది, ఎండ తగిలినా అంతే. ప్లాస్టిక్ డబ్బాల గీతల్లో పాలు ఇరుక్కుని కుళ్ళుతాయి, అందుకే సంఘం తరఫున స్టీలు క్యాన్లు టోకున తెప్పించాం. ముందు గోరువెచ్చటి నీళ్ళతో తొలిచాకే వేడి సబ్బు నీళ్ళు, తర్వాత బోర్లించి ఆరబెట్టడం. మొదటే మరిగే నీళ్ళు పోస్తే పాలు గిన్నెకు పెచ్చు కడతాయి. క్యాను సగానికే నింపి గతుకుల రోడ్డులో బండి మీద తీసుకెళ్ళడం కవ్వంతో చిలకడంతో సమానం. చిన్న క్యానైనా సరే మెడ దాకా నింపి, చల్లబడ్డాక, తడి గోనెపట్టా చుట్టి తీసుకెళ్ళండి.

ఇక డెంగీ సీజన్. ఎప్పటిలాగే టౌన్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, పచ్చి మేక పాలు కావాలి, ఎంతైనా ఇస్తాం అని. మేక పాలు ప్లేట్‌లెట్లు పెంచుతాయని రుజువేమీ లేదు. పైగా పచ్చివి తాగితే బ్రూసెల్లా అనే జ్వరం తెచ్చే క్రిమి సోకే ప్రమాదముంది. మాల్టా దీవిలో జనాన్ని పీడించి, ఆ దీవి పేరుతోనే మాల్టా జ్వరం అనిపించుకున్న జబ్బుకు మూలం మేక పాలేనని 1905లోనే తేల్చారు. జ్వరంతో పడున్న మనిషికి అది అంటించి డబ్బు తీసుకోవడం మన సంఘానికి వద్దు. పచ్చి పాలు అమ్మకూడదు, ధర పెంచకూడదు అని తీర్మానం చేశాం. ఇద్దరు సభ్యులు గట్టిగా వ్యతిరేకించారు, పక్క ఊళ్ళో అమ్ముకుంటున్నారు కదా అన్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమైంది, తీర్మానం మాత్రం మారలేదు. మన మేకలకు బ్రూసెల్లా రక్త పరీక్షలు పశువైద్యశాలలో సగం దాకా అయ్యాయి, మిగతావి వచ్చే రెండు నెలల్లో. అలాగే నెలల పిల్లలకు తల్లిపాల బదులు మేక పాలు పట్టమని ఎవరికీ చెప్పకండి, వీటిలో ఫోలిక్ ఆమ్లం బాగా తక్కువ, రక్తహీనత వస్తుంది.

జున్ను పాలు అడిగే చుట్టాలకు చెప్పవలసింది కూడా ఒకటుంది. ఈనిన గంటలోపే ఆ పాలు పిల్లల కడుపులో పడాలి, వాటి తర్వాతే మన జున్ను. చూడి మేకను ఈనడానికి రెండు నెలల ముందే పాలు పిండడం ఆపండి, ఆఖరి రోజుల పాలకు ఎలాగూ ఘాటు ఎక్కువ.

క్యాను వెనక్కి పంపిన ఆవిడకు దసరా ముందు మళ్ళీ పాలు పంపాం, ఏమీ చెప్పకుండా. మూడో రోజు ఫోన్ చేసి ఇంకో అర లీటరు ఎక్కువ పోయమంది. మా ఇంటి పాలు కాదులెండి, పక్కింటి అక్కవి. మావి సంక్రాంతి తర్వాత గానీ పంపే ధైర్యం చెయ్యలేదు.

వచ్చే సమావేశానికి ఒక్కొక్కరు ముందురోజు పాలు అర లీటరు, కాచకుండా, చల్లగా తీసుకురండి. గ్లాసులు, చీటీలు మళ్ళీ పెడుతున్నాం. సంఘం థర్మామీటరు ఎవరింట్లో ఉందో వాళ్ళు దయచేసి తెచ్చివ్వండి, మూడు వారాలుగా కనిపించడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి