మీ ఇంటి బోర్డు ఎవరెవరికి కనిపించిందంటే

నమస్తే అండీ. మెసేజ్ కాస్త పొడుగే. తీరిక చూసుకుని చదవండి, కానీ చదవకుండా మాత్రం వదిలేయకండి, ఇందులో మీ ఇంటి సంగతి ఉంది.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. పోయిన నెల రెండో వారం దాకా, మా దగ్గర ఇంటీరియర్ పని చేయించుకుంటున్న ఒక కస్టమర్ ఇంకో కస్టమర్ బోర్డు, అంటే వాళ్ల ఇంటి పని వివరాలన్నీ మేము పెట్టే ఆన్‌లైన్ పేజీ, తెరిచి చూసే వీలు ఉంది. కొటేషన్లు, డ్రాయింగులు, సైట్ ఫొటోలు, ఫోన్ నంబర్లు, అన్నీ. వీలు ఉంది అంటున్నాను గానీ ఒకాయన నిజంగానే చూశారు. ఆయన ఫోన్ చేయబట్టి మాకు తెలిసింది, లేకపోతే ఈ రోజుకీ అలాగే నడుస్తుండేది.

ఆ ఫోన్ సంగతి చెప్పాలి. సైట్‌లో ఉన్నాను, పక్కన కటింగ్ మెషిన్ మోత. "మేడమ్, పోరంకి వాళ్లకి కిచెన్ 2 లక్షల 85 వేలకి చేస్తున్నారు, మాకు 3 లక్షల 40 వేశారు, సైజు ఒకటే కదా?" అన్నారాయన. నేను వెంటనే సంజాయిషీ మొదలుపెట్టాను. మీది మొత్తం నీళ్లు తగిలినా ఆగే 710 గ్రేడ్ ప్లై సార్, వాళ్లది సింకు కింద మాత్రమే 710, మిగతాదంతా మామూలు 303, పైగా మీరు అన్నీ మెత్తగా జారి మూసుకునే టాండమ్ డ్రాయర్లు అడిగారు, వాళ్లు మామూలు బాస్కెట్లతో సరిపెట్టుకున్నారు, అని అయిదు నిమిషాలు వాయించాను. ఆయన సరే అని పెట్టేశారు కూడా. ఫోన్ జేబులో పెట్టుకుని రెండు మెట్లు దిగాక అప్పుడు వెలిగింది. అసలు ఈయనకి పోరంకి వాళ్ల కొటేషన్ ఎలా కనిపించింది?

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క ముక్క. మేము పనులన్నీ ట్రెల్లో అనే ఆన్‌లైన్ యాప్‌లో పెట్టుకుంటాం. ఒక ఇంటికి ఒక బోర్డు, ఒక్కో పనికి ఒక్కో కార్డు. కొలతలు, డ్రాయింగ్, మెటీరియల్, సైట్ పని, ఫినిషింగ్ అని వరసగా కార్డులు ముందుకి జరుగుతుంటాయి. మీలో సగం మంది డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి విజయవాడలో ఫ్లాట్ చేయించుకుంటున్నారు, రాత్రి రెండింటికి లేచి "లామినేట్ వచ్చిందా" అని అడిగే బాధ లేకుండా మీరే చూసుకుంటారని మిమ్మల్ని కూడా అందులోకి తీసుకున్నాం. ఆలోచన మంచిదే. తీసుకున్న పద్ధతి తప్పు.

ట్రెల్లోలో వర్క్‌స్పేస్ అని ఒకటి, దాని లోపల బోర్డులు ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే వర్క్‌స్పేస్ అపార్ట్‌మెంటు, బోర్డు ఫ్లాటు. మిమ్మల్ని మీ ఒక్క ఫ్లాటుకి గెస్ట్‌గా పిలవాలి. మేమేమో అపార్ట్‌మెంటు మొత్తానికి మెంబర్లని చేసేశాం. పోనీ ఫ్లాట్ల తలుపులైనా వేసి ఉన్నాయా అంటే, అదీ లేదు. కొత్త బోర్డు పెట్టినప్పుడు అది మామూలుగా 'వర్క్‌స్పేస్' సెట్టింగ్‌లో ఉంటుంది, అంటే లోపల మెంబర్ అయిన ఎవరైనా చూడొచ్చు. దాన్ని 'ప్రైవేట్' అని మార్చుకోవాల్సింది మనం. 31 బోర్డుల్లో మేము మార్చింది నాలుగు. ఇందులో సాఫ్ట్‌వేర్ చేసిన తప్పేమీ లేదు, అది ఎలా పనిచేస్తుందో అలాగే పనిచేసింది. చదవకుండా నొక్కుకుంటూ పోయింది మేము.

దీన్ని నేను ముందే పట్టుకోవాల్సింది, అదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. మెంబర్‌కి ఇంత అని నెలనెలా డబ్బు కడతాం. ఒకే ఒక్క బోర్డుకి వచ్చే గెస్ట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. మా ఆఫీసులో లాగిన్ కావాల్సిన మనుషులం ఏడుగురం. బిల్లు 26 మందికి వస్తోంది. రేటు పెంచారేమో అనుకుని కట్టేస్తూ వచ్చాను. ప్లై అంచులకి అంటించే ఎడ్జ్ బ్యాండింగ్ రోల్ ఒకటి బిల్లులో ఎక్కువ పడితే ఆటోనగర్ దాకా వెళ్లి గొడవ పెట్టుకునే మనిషిని, 19 మంది ఎక్కువ పడుతుంటే ఏడెనిమిది నెలలు కళ్లప్పగించి చూశాను.

ఆ ఆదివారం నేను, ఆఫీసులో బోర్డులు చూసుకునే అమ్మాయి కూర్చుని ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టాం. పొద్దున్న పదికి కూర్చుంటే సాయంత్రం ఏడయింది. చదువుతున్నకొద్దీ టెన్షన్ పెరిగింది తప్ప తగ్గలేదు.

పెయింటింగ్ కాంట్రాక్టర్ ఒకాయన సంక్రాంతికి ముందే మా దగ్గర మానేశాడు. లెక్కలు తేల్చేసి, కార్డుల మీద పేరు తీసేశాం. కార్డు మీద పేరు తీస్తే మనిషిని తీసేసినట్టే అనుకున్నాం. కాదు, బోర్డులో అలాగే ఉన్నాడు, మొత్తం తొమ్మిది ఇళ్లలో. మీలో ఇద్దరికి ఆయన దగ్గర్నుంచి "నేరుగా నాకు ఇస్తే తక్కువలో చేస్తాను" అని ఫోన్ వచ్చిందని ఇప్పుడు తెలిసింది. మీ నంబర్ ఆయనకి ఎక్కడిదని అప్పుడు మీరు నన్ను అడిగితే, ఏమోనండీ, వాచ్‌మన్ ఇచ్చుంటాడు అన్నాను. ఆ వాచ్‌మన్‌కి కూడా క్షమాపణ బాకీ ఉన్నాను.

ఆ తర్వాత సైట్ వాళ్లందరికీ కలిపి ఒకటే మెయిల్ ఐడీ. దాని పాస్‌వర్డ్ మా షాపు పేరు, ఎట్, 123. మూడేళ్లుగా అదే. ఎంతమంది కార్పెంటర్లు వచ్చి వెళ్లారో, ఎంతమంది ఫోన్లలో అది లాగిన్ అయి ఉందో లెక్క పెట్టే దారే లేదు. దానికి తోడు మా సూపర్‌వైజర్ ఒక బోర్డుకి ఇన్వైట్ లింక్ తీసి వాట్సాప్ గ్రూపులో పడేశాడు. ఆ లింక్ ఆపేసేదాకా ఎవరు నొక్కితే వాళ్లు లోపలికి వస్తారు. ఆ గ్రూపులో 60 మందికి పైనే ఉన్నారు, అందులో టైల్స్ షాపు వాళ్లు, గ్రానైట్ దించే లారీ డ్రైవర్ కూడా.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం కానూరులోని ఒక ఇంటి కార్డు. ఆ ఇంటివాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. కార్డు మీద మా వాళ్లు రాసుకున్నది ఇదీ: "తాళం ఎదురు ఫ్లాట్ వాళ్ల దగ్గర. లిఫ్ట్ పక్కన కెమెరా పనిచేయడం లేదు. ఓనర్లు డిసెంబర్ దాకా రారు." దాని కిందే మాస్టర్ బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ డ్రాయింగు, అందులో లాకర్ ఎక్కడ వస్తుందో బాణం గుర్తు పెట్టి, గోడకి ఎన్ని బోల్టులు అన్నది కూడా రాసి. రాసినవాడు చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడు, మర్నాడు వచ్చే మనిషి వెతుక్కోకూడదని రాశాడు. ఒక ఇంటికి కన్నం వేయాలనుకునేవాడికి ఇంకేం కావాలి చెప్పండి. ఆ రాత్రే వాళ్లకి డాలస్ ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మర్నాడు పొద్దున్నే మా ఖర్చుతో తాళాలు మార్పించాం, లాకర్ ఇంకా బిగించలేదు కాబట్టి దాని చోటు కూడా మార్చాం. ఏమీ పోలేదు. వాళ్లు నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మీ బోర్డు ఎవరు చూశారో చెప్పమని కొందరు అడిగారు. ఆ వివరం తీసే వీలు లేదండీ. ఎవరు ఏ కార్డు జరిపారు, ఎవరు కామెంట్ పెట్టారు అన్నది ట్రెల్లోలో ఉంటుంది, ఎవరు తెరిచి చూసి వెళ్లిపోయారు అన్నది అందులో పడదు. అందుకే చూసే ఉంటారు అన్న లెక్కలోనే పనిచేస్తున్నాం. తాళం సంగతి కార్డులో ఉన్న ఇంకో రెండు ఇళ్లకి కూడా తాళాలు మార్చేశాం.

ఇప్పుడు ఏం మారిందో చెప్తాను. అన్ని బోర్డులూ ప్రైవేట్. మీరు మీ ఒక్క బోర్డుకి గెస్ట్, పక్క బోర్డు పేరు కూడా మీకు కనిపించదు. ఒక బోర్డులో ఉన్న మనిషికి అందులోని కార్డులన్నీ కనిపిస్తాయి, ఈ కార్డు వీడికి దాచిపెట్టు అంటే కుదరదు. అందుకని ఒక్కో ఇంటికి రెండు బోర్డులు చేశాం. ఒకటి మీరూ మేమూ చూసేది, దాంట్లోనే కొటేషన్, బిల్లులు. రెండోది సైట్ పనిది, అందులో రూపాయల మాట, మీ నంబర్లు ఉండవు. తాళాల సంగతి ఎక్కడా రాయం, సూపర్‌వైజర్‌కి నోటితో చెప్తాం. కార్పెంటర్లకి, ఎలక్ట్రీషియన్లకి అసలు లాగిన్ లేదు. వాళ్లకి కావాల్సిన డ్రాయింగు ప్రింటు తీసి సైట్‌లో ఇస్తాం, పని అయ్యాక ప్రింటు వెనక్కి తీసుకుంటాం. (మేస్త్రీలకి ఇదే నచ్చింది. ఫోన్‌లో కొలతలు చూసి కళ్లు పోతున్నాయని ఎప్పట్నుంచో గొణుగుతున్నారు.) ఉమ్మడి మెయిల్ ఐడీ తీసేశాం, లాగిన్ ఉన్న ఏడుగురికీ రెండంచెల వెరిఫికేషన్ పెట్టాం. ఎవరైనా మానేస్తే ఆఖరి లెక్క చేతికిచ్చే ముందు పేరు తీయాలి, తర్వాత కాదు. ప్రతి నెలా 1వ తేదీన పేర్ల లిస్టు నేనే చదువుతాను, బిల్లుతో కలిపి.

ఇంకో సంగతి. ఇది రహస్యాల గొడవ కాదు, అధికారం గొడవ. గుణదలలో ఒక ఇంటికి బావమరిదిని కూడా బోర్డులో కలపమన్నారు, కలిపాం. ఆయన ఒక రాత్రి ముదురు ఆకుపచ్చ లామినేట్ (చెక్క పైన అంటించే రంగు షీటు) కార్డుని 'ఓకే' లిస్టులోకి జరిపేశారు. మా వాళ్లు ఓకే అయిందని ఆర్డర్ పెట్టేశారు. ఇంటావిడ అనుకున్నది గంధం రంగు. 14 షీట్లు. బావమరిదిగారు నా వేలు తగిలి జరిగిందన్నారు, ఇంటాయన మధ్యలో ఉండి ఎటూ మాట్లాడలేకపోయారు, ఆ షీట్లు ఇప్పటికీ మా గోడౌన్‌లో ఉన్నాయి, ఎవరికైనా ఆకుపచ్చ ఇష్టమైతే చెప్పండి. మామూలుగా బోర్డులో మెంబర్ అయితే కార్డు జరపగలరు, రాసింది మార్చగలరు. చూసి కామెంట్ పెట్టడం వరకే వీలుండే 'అబ్జర్వర్' అనే పద్ధతి ట్రెల్లోలో ఎక్కువ డబ్బు కట్టే పై ప్లాన్‌లో ఉంది. ఆ 19 మంది బిల్లు తగ్గింది కదా, ఆ డబ్బుతో పై ప్లాన్‌కి మారాం. ఇకపై ఇంటికి ఒక్కరే ఓకే చెప్తారు. అమ్మగారు, మామగారు, తోడికోడలు, ఎందరైనా చూడొచ్చు, ఎంతైనా కామెంట్ పెట్టొచ్చు.

చట్టం గురించి కూడా ఒకరు అడిగారు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లోనే వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు పెట్టారు. మీ వివరాలు మా దగ్గర్నుంచి బయటికి పొక్కితే ఆ సంగతి మీకు చెప్పి తీరాలని అందులో ఉంది, భద్రత సరిగా చూడకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చని కూడా ఉంది. మా షాపు మొత్తం అమ్మినా అందులో ఏ మూలకీ రాదు. గడువు ఉంది కదా అని అప్పటిదాకా మీకు చెప్పకుండా కూర్చోవడం నాకు నచ్చలేదు, అంతే.

మీ వైపు నుంచి కావాల్సింది చిన్న పని. ఈ శనివారం లోపు ఈ మెసేజ్‌కి జవాబుగా రెండు సంగతులు పంపండి: మీ ఇంటి తరఫున ఓకే చెప్పేది ఎవరు, ఊరికే చూసేది ఎవరెవరు. మెయిల్ ఐడీ మీ సొంతది ఇవ్వండి, ఆఫీసుది వద్దు, ఉద్యోగం మారితే ఆ ఐడీ మీ చేతిలో ఉండదు. భార్యాభర్తలిద్దరూ ఓకే చెప్తామంటే మాత్రం దయచేసి ముందు మీలో మీరు తేల్చుకోండి, ఆ పంచాయితీ మా వల్ల కాదు. జవాబు రానివాళ్లకి ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. పని పూర్తయి తాళాలు ఇచ్చేసిన 12 ఇళ్ల బోర్డులు ఈ నెలాఖరుకి తీసేస్తున్నాం. డ్రాయింగులు, ఫొటోలు, వైరింగ్ ఎటు వెళ్లిందో తెలిపే బొమ్మలు అన్నీ ఒక ఫోల్డర్ చేసి మీకు పంపుతాం, జాగ్రత్త చేసుకోండి, రేపు గోడకి మేకు కొట్టాలంటే అవే దిక్కు.

ధర గురించి ఫోన్ చేసిన ఆయనకీ, పోరంకి వాళ్లకీ విడివిడిగా వెళ్లి చెప్పి వచ్చాను. పోరంకి ఆవిడ అంతా విని, "అయితే ఆయనకి టాండమ్ డ్రాయర్లు పెడుతున్నారా, మాకు ఎందుకు చెప్పలేదు" అన్నారు. ఆ రివైజ్డ్ కొటేషన్ మొన్న పంపాను, ఆవిడ బోర్డులో మాత్రమే.