పది ఆటల వెనకబాటు ఎంత దూరం?

సంపాదకులకు,

మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ సగానికి వచ్చిందంటే చాలు, వెనకబడ్డ జట్ల మీద ‘రేసులో లేనట్టే’ అని ముద్ర పడిపోతుంది. మీ ఆటల పేజీ కూడా అదే చేస్తోంది. జట్టుకు 14 మ్యాచ్‌ల ఐపీఎల్ లీగ్ దశకు అలవాటుపడ్డ కళ్లకు అలాగే కనిపిస్తుంది మరి. ఇక్కడ ఆడేది 162.

2024 అమెరికన్ లీగ్ వెస్ట్ డివిజన్ (మేజర్ లీగ్‌లో ఒక జట్ల విభాగం) చూడండి. జూన్ 18 నాటికి సియాటెల్ మారినర్స్ 44 గెలిచి 31 ఓడింది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 33 గెలిచి 40 ఓడింది. గెలుపుల్లో తేడా 11, ఓటముల్లో 9; కలిపి సగం చేస్తే 10. పట్టికలో ‘గేమ్స్ బిహైండ్’ కింద వేసే అంకె ఇదే. ఆ దూరం కరగడానికి 24 ఆటలు చాలాయి. వాటిలో ఆస్ట్రోస్ 18 గెలిస్తే మారినర్స్ గెలిచినవి 8. జూలై 19న సియాటెల్ మైదానంలోనే ఆస్ట్రోస్ వచ్చి సమానంగా నిలబడింది. చివరకు 88–73తో (88 గెలుపులు, 73 ఓటములు) డివిజన్ కూడా ఎగరేసుకుపోయింది.

జూన్‌లో నవ్వినవాళ్లు హ్యూస్టన్ ఓటములు లెక్కపెట్టారే తప్ప కారణం చూడలేదు. ఏప్రిల్‌లో ఆస్ట్రోస్ పిచర్లు (బంతి విసిరేవాళ్లు) వెర్లాండర్, వాల్డెజ్ కొన్ని వారాలు గాయాలతో బయట కూర్చున్నారు. వాళ్లు తిరిగొస్తారని అందరికీ తెలుసు. ఫస్ట్ బేస్ దగ్గర ఆడే హోసే అబ్రేయు బ్యాటింగ్ సగటు 0.124, అంటే ఎనిమిది సార్లకు ఒక్క హిట్. కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉన్నా జూన్ 14న అతన్ని వదిలించుకున్నారు. మరో ఇద్దరు పిచర్లు హావియర్, ఉర్కిడీలది వేరే సంగతి: మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ అంటే ఏడాదికి పైగా బంతి పట్టరు. ఆ ఖాళీకి జూలై చివర టొరంటో నుంచి పిచర్ కికుచిని తెచ్చుకున్నారు. సీజన్ మధ్యలో నయమయ్యే జబ్బులే ఎక్కువన్నమాట. మారినర్స్ పిచింగ్ భేషుగ్గా ఉంది గానీ, బ్యాటర్లు ఆ ఏడాది 1,625 సార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్) అయ్యారు. లీగ్ మొత్తంలో అదే ఎక్కువ. దానికి జూలైలో మందు దొరకదు. 64–64 దగ్గర మేనేజర్‌ను మార్చినా 85–77 దగ్గరే ఆగారు.

కుంటుతున్న జట్టును తూచాలంటే ముందు చూడాల్సింది పరుగుల తేడా. ఆడిన ఆటల్లో సగం గెలుపుల మీద, సుమారుగా పది పరుగుల తేడాకు ఒక గెలుపు కలుస్తుంది. 81 ఆటల్లో 400 పరుగులు చేసి 380 ఇచ్చిన జట్టుకు 42 గెలుపులైనా ఉండాలి. 36 మాత్రమే ఉంటే ఒక్క పరుగుతో పోయిన ఆటలు లెక్కపెట్టండి, బుల్‌పెన్ (ఆట మధ్యలో దిగే పిచర్ల దళం) ఎవరి చేతిలో ఉందో చూడండి. భయపడాల్సింది ఈ జట్టుకే. అదే 36 గెలుపుల జట్టు 50 పరుగుల లోటులో ఉంటే దాని స్థాయే అది.

నిజంగా చితికిపోయిన జట్టు పక్కింట్లో ఉంటే పొరుగువాళ్లకు పండగే. అదే ఏడాది 41–121తో మునిగిన షికాగో వైట్‌సాక్స్‌పై కాన్సస్ సిటీ రాయల్స్ 13లో 12 గెలిచింది. రాయల్స్, డెట్రాయిట్ టైగర్స్ చెరి 86 గెలుపులతో చివరి రెండు వైల్డ్‌కార్డులు (డివిజన్ గెలవని జట్లకు ప్లేఆఫ్స్‌లో ఇచ్చే చోట్లు) తీసుకున్నాయి. రెండూ వైట్‌సాక్స్ డివిజన్‌వే. ఒక్క గెలుపు తక్కువై మారినర్స్ ఇంటికెళ్లింది. 2023 నుంచి డివిజన్ ప్రత్యర్థితో ఆటలు 19 నుంచి 13కు తగ్గాయి, అయినా ఎవరి పక్కన ఎవరున్నారన్నది ఇంత పని చేస్తుంది.

సమానమైతే తేల్చే 163వ ఆట 2022 నుంచి లేదు, ముఖాముఖి లెక్కే ఆధారం. 2025లో టొరంటో బ్లూజేస్, న్యూయార్క్ యాంకీస్ రెండూ 94–68. ముఖాముఖి 8–5తో డివిజన్ టొరంటోకు దక్కింది. ఆ ఎనిమిదిలో నాలుగు జూన్ 30 నుంచి జూలై 3 వరకు, సీజన్ నడిమధ్యలో వరసగా గెలిచినవే.

కాబట్టి మీ పట్టికలో పరుగుల తేడా, డివిజన్ ముఖాముఖి అని రెండు గడులు చేర్చండి. చోటు చాలకపోతే గెలుపు శాతం తీసేయండి. గెలుపోటములు పక్కనే ఉంటాయి కనుక అది ఎవరైనా లెక్కకట్టుకోగలరు.

– మారినర్స్ అభిమాని, సియాటెల్