రైలు చప్పుడే సంగీతం

చిన్నీ,

ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, నువ్వు మధ్యలో "తర్వాతేమైందమ్మా" అంటావు, నేను ఉండబట్టలేక చెప్పేస్తాను. అందుకే రాస్తున్నాను.

నిన్న రాత్రి నిద్ర పట్టక వెతుకుతుంటే ఒక పాత నలుపు తెలుపు సినిమా కంటపడింది. 'ది నారో మార్జిన్', 1952లో వచ్చింది. దర్శకుడు రిచర్డ్ ఫ్లైషర్. ఇన్నేళ్లుగా ఇన్ని సినిమాలు చూశానా, దీని పేరు ఒక్కరి నోటా వినలేదు. 71 నిమిషాలే. కాసేపు చూసి పడుకుందామని పెట్టినదాన్ని, అయిపోయాక కూడా లేవలేకపోయాను.

చనిపోయిన ఒక గ్యాంగ్‌స్టర్ భార్య గ్రాండ్ జ్యూరీ ముందు, అంటే కేసు నడపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం ముందు, సాక్ష్యం చెప్పాలి. ఆమెను చికాగో నుంచి లాస్ ఏంజెలెస్‌కి రైల్లో క్షేమంగా చేర్చాల్సింది ఒక డిటెక్టివ్. చంపడానికి వచ్చినవాళ్లూ అదే రైలెక్కారు, కానీ ఆమె మొహం వాళ్లకు తెలియదు. ఇంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పను. నువ్వూ దీని గురించి ఎక్కడా చదవకు.

నీ షార్ట్ ఫిలింకి మ్యూజిక్ చేయించడానికి డబ్బుల్లేవని మొన్న దిగులుపడ్డావు కదా. ఈ సినిమాలో నేపథ్య సంగీతమే లేదు! చక్రాల చప్పుడు, కూత, తలుపు తీసిన శబ్దం, అంతే. ఒకచోట ఆవిడ కంపార్ట్‌మెంట్లో కూర్చుని గోళ్లు అరగదీసుకుంటూ ఉంటుంది. చెయ్యి ముందుకీ వెనక్కీ, గరగరమని. ఆ కదలికలోంచే రైలు చక్రాల కదలికలోకి వెళ్లిపోతాం. నేను వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. ఆమె మనసులో ఉన్న టెన్షన్ అంతా ఆ గోళ్ల ఆకురాయిలోనే వినిపించింది నాకు. ఆ నటి పేరు మేరీ విండ్సర్. ఆ కళ్లు చూడు.

ఇంకోటి. మామూలుగా రైలు సెట్‌ను కింద నుంచి ఊపుతారు. వీళ్లు సెట్‌ను కదలకుండా బిగించేసి, కెమెరాను చేత్తో పట్టుకుని ఊపారు. ఖర్చు మిగిలింది, పైగా ఆ ఇరుకు కారిడార్లో మనమే నడుస్తున్నట్టు ఉంటుంది. ఎదురుగా ఒక లావుపాటి మనిషి వస్తే దారి లేదు, వెనకాల ఎవరో వస్తున్నారు! నాకైతే ఊపిరాడలేదు. కిటికీ అద్దాల్లో కనిపించే నీడల్ని మాత్రం వదలకుండా గమనించు, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఇంత బాగా తీసిన సినిమాను స్టూడియో యజమాని హోవార్డ్ హ్యూస్ చాలాకాలం విడుదల చెయ్యకుండా పక్కన పెట్టేశాడు. చదివితే బాధనిపించింది. విడుదలయ్యాక కథకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1990లో మళ్లీ తీశారు కూడా.

ఈ ఆదివారం లైట్లు ఆర్పేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడు. అవ్వగానే ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే. ఒక సీను గురించి నిన్నటి నుంచీ ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది, మీ నాన్న ఇంకా చూడలేదు.

అమ్మ