జాగీర్దారు వేరు, దేశ్‌ముఖు వేరు

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో నిజాం కాలపు భూముల మీద వచ్చిన వ్యాసం జాగీర్దారునీ దేశ్‌ముఖునీ ఒకే గాటన కట్టేసింది. జాగీర్దారుకు నిజాం ఇచ్చింది శిస్తు వసూలు హక్కే, భూమి కాదు. జాగీర్దారు పోతే వారసుడు విరాసత్ (వారసత్వ) విచారణకు నిలబడి, నజరానా (నిజాంకు ఇచ్చే కానుక సొమ్ము) చెల్లించి జాగీరు మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చేది. పాయెగాలైతే, అంటే నిజాంకు దగ్గరి ప్రభు కుటుంబాల పెద్ద జాగీర్లయితే, నిజాం కోసం సైన్యాన్ని పోషించాల్సి వచ్చేది. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టేవి.

దేశ్‌ముఖులదీ మొదట వసూళ్ల పనే. కానీ నిజాం ప్రధాని సాలార్‌జంగ్ తెచ్చిన శిస్తు సంస్కరణల తర్వాత చాలామంది వందల ఎకరాలు తమ పేర పట్టా చేయించుకున్నారు. అందుకే 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినా ఆ పట్టాలు కదల్లేదు. వ్యాసంలో అసలు లేనిది ఇదే!

మాది జాగీరు ఊరు. తాత ట్రంకుపెట్టెలో ఉర్దూ శిస్తు రసీదు ఇంకా ఉంది, మడత దగ్గర చిరిగింది. చదవగలిగేవాళ్లే ఇంట్లో లేరు.

- ఒక పాఠకుడు, నల్లగొండ