లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు కాకిలెక్క

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో, లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమాన దూరం 2,900 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 3 గంటల 40 నిమిషాలు అని బాక్సు కట్టి మరీ వేశారు. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు.

దూరంతో నాకు పేచీ లేదు. గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే ఇంచుమించు అంతే. దాన్ని గంటకు 800 చొప్పున భాగించి ‘ప్రయాణ సమయం’ అని అచ్చేశారే, అదీ గొడవ. ఆ దారం నేపాల్ మీదుగా పోతుంది. ఆ దారి పట్టే విమానం ఏదో చెబితే ఇప్పుడే వెళ్ళి టికెట్టు కొంటాను.

మా అబ్బాయి ఉద్యోగం లేహ్‌లో, అమ్మాయి కాపురం పోర్ట్ బ్లెయిర్‌లో. (2024లోనే ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. మీ బాక్సుకు ఆ కబురూ అందలేదు.) కిందటేడు మా ఆవిడా నేనూ అబ్బాయి దగ్గర్నుంచి అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. లేహ్‌లో విమానాలన్నీ దాదాపు పొద్దుటిపూటే. సముద్రమట్టానికి 3,250 మీటర్ల పైన, చుట్టూ కొండలు, మధ్యాహ్నమయ్యేసరికి గాలి రేగుతుంది. మొదటి రోజు మబ్బు పట్టి విమానం రద్దు. మర్నాడు ఢిల్లీ. ఒక టెర్మినల్‌లో దిగి, పెట్టెలు మోసుకుని, ఇంకో టెర్మినల్‌కు బస్సు. అక్కణ్ణుంచి చెన్నై, రాత్రంతా ఇనుప కుర్చీల్లో జాగారం. మూడో రోజు పొద్దున అల్లుడు కారుతో వచ్చాడు.

ముప్పై ఏళ్ళు రైల్వేలో టైంటేబుళ్ళతో బతికినవాణ్ణి. ఆగే స్టేషన్లు వదిలేసి దూరాన్ని వేగంతో భాగిస్తే, పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కినవాడు సాయంత్రం టీకి ఢిల్లీలో ఉంటాడు. అలాంటి లెక్క రాస్తే మా పెద్ద గుమాస్తా కాగితం మొహాన కొట్టేవాడు. మీ దగ్గర దిద్దేవాళ్ళు లేరా, ఉన్నా చదవడం లేదా?

మిమ్మల్నని ఏం లాభం, మంత్రులూ అధికారులూ చేస్తున్నదీ ఇదే. 2017లో, చిన్న ఊళ్ళకు చౌకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద కడప–హైదరాబాద్ విమానం మొదలైతే ‘గంటలో కడప’ అని మురిసిపోయాం. సైనిక్‌పురి నుంచి శంషాబాద్ చేరడానికే నాకు గంటన్నర, వాన పడితే దేవుడికే తెలియాలి. 2008 మార్చి దాకా బేగంపేటకు ఆటోలో పోయేవాళ్ళం. ఇక వరంగల్ వాళ్ళ మామునూరు విమానం ప్రతి ఎన్నికలకూ ఎగురుతుంది, మైకుల్లో.

ఇంతకీ ఇప్పుడు నా బాధేమిటంటే, మీ బాక్సును మా బావమరిది ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ‘బావా, నాలుగు గంటల ప్రయాణానికి అక్కను రెండు రోజులు ఎక్కడ తిప్పావు?’ అని అడుగుతున్నాడు. దయచేసి సవరణ వేయండి, అదే సైజు బాక్సులో. కత్తిరించి పంపాలి.

– ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, సైనిక్‌పురి, హైదరాబాద్